పాప పాస్‌పోర్ట్ ఫొటో ఇంట్లోనే తీశాం, ప్రింట్ మాత్రం 3.5 × 4.5 రావట్లేదు

ఎంవీపీ అమ్మ:
అందరికీ నమస్తే. మా పాపకి ఏడో నెల. వచ్చే వారం మర్రిపాలెంలో పాస్‌పోర్ట్ అపాయింట్‌మెంట్. పెద్దవాళ్లనైతే అక్కడే కూర్చోబెట్టి తీసేస్తారు, నాలుగేళ్లలోపు పిల్లలకి మాత్రం మనమే ఫొటో పట్టుకెళ్లాలి, తెల్ల బ్యాక్‌గ్రౌండ్, 3.5 సెంటీమీటర్ల వెడల్పు, 4.5 ఎత్తు. స్టూడియోకి తీసుకెళ్తే ఆ లైట్లు చూడగానే ఏడుపు లంకించుకుంది, ఊరుకోబెట్టడం ఎవరి వల్లా కాలేదు. ఇంటికొచ్చి ఫోన్‌తో తీసి, ఏదో యాప్‌లో పాస్‌పోర్ట్ సైజ్ అని ఉంటే నొక్కి, ఏ4 పేజీ మీద ఎనిమిది వచ్చేలా పెట్టి, నెట్ సెంటర్‌లో ప్రింట్ తీయించాం. స్కేలు పెట్టి చూస్తే 3.3, 4.2! అడిగితే ఆ అబ్బాయి "పాస్‌పోర్ట్ సైజే మేడమ్, ఎవరు కొలుస్తారు" అంటున్నాడు. నాకు టెన్షన్. తప్పు యాప్‌దా, ప్రింటర్‌దా? ఇంకోటి, దిష్టిచుక్క తీయడానికి మా అత్తగారు ఒప్పుకోవట్లేదు, అది ఉంటే పర్వాలేదా?

జగదాంబ బ్రో:
మళ్లీ స్టూడియోకి వెళ్లండి అక్కా, ఓ వందలో పని అయిపోతుంది. దీనికింత కథ ఎందుకు?

గాజువాక ల్యాబ్:
బ్రో, ఏడుస్తున్న పాపని ఎన్ని స్టూడియోలు తిప్పుతారు చెప్పు. ఫొటో ల్యాబ్‌లోనే నా పని, రోజూ ఇవే చూస్తుంటాను.

మేడమ్, మీ యాప్ తప్పేం లేదు. 3.5కి 3.3, 4.5కి 4.2 అంటే రెండు వైపులా ఇంచుమించు ఒకే లెక్కన తగ్గింది. ప్రింట్ ఇచ్చేటప్పుడు 'ఫిట్ టు పేజ్' టిక్ అయి ఉంటుంది, అది పేజీ అంచుల్లో ఖాళీ వదలడానికి మొత్తాన్నీ కాస్త కుదించేస్తుంది. ఆ టిక్ తీసేసి 'యాక్చువల్ సైజ్' లేదా 100 శాతం పెట్టమనండి, అదే ఫైల్ సరిగ్గా వస్తుంది. ఒక్క వైపే తగ్గి ఉంటే అప్పుడు యాప్‌ని అనుమానించాలి.

కానీ నన్నడిగితే ఏ4 వద్దు, 4×6 అంగుళాల ఫొటో పేపర్ మీద తీయించండి. 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన ఒక్కో ఫొటో 413 × 531 పిక్సెల్స్, షీటు 1800 × 1200. అడ్డంగా నాలుగు, రెండు వరుసలు, ఎనిమిదీ పట్టి చుట్టూ కత్తిరించుకోడానికి చోటు మిగులుతుంది. ఆ మిగిలిన చోట సరిగ్గా 5 సెంటీమీటర్లు, అంటే 591 పిక్సెల్స్ పొడవున ఒక గీత గీసి పెట్టండి. ప్రింట్ చేతికి రాగానే ముందు ఆ గీతని కొలవండి. గీత 5 ఉంటే ఫొటోలూ సరిగ్గా ఉన్నట్టే, లేకపోతే అక్కడే కౌంటర్ దగ్గర మళ్లీ తీయమని అడగొచ్చు. ల్యాబుల్లో బోర్డర్ లేకుండా తీసే ప్రింట్లు కూడా కొంచెం పెద్దవయ్యి అంచులు తెగుతాయి, అందుకని సైజు మార్చకుండా తీయమని ముందే చెప్పాలి, చెప్పకపోతే మా వాళ్లు అలవాటు కొద్దీ అలాగే తీసేస్తారు.

ఫైల్ వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గా పంపండి. ఫొటోగా పంపితే అది కుదించేస్తుంది, ముఖం మసకగా వస్తుంది.

ఫోన్‌లో కత్తిరించేవాళ్లు చాలామంది 3:4 పెట్టేస్తారు, అదీ ఒక గొడవే. మనకి కావాల్సింది 7:9. 3:4 ఫొటోని 3.5 వెడల్పుకి తెస్తే ఎత్తు 4.67 అవుతుంది, దాన్ని 4.5కి నొక్కితే ముఖం పక్కలకి సాగుతుంది. చూసేవాళ్లకి ఎక్కడ తేడా ఉందో తెలీదు కానీ ఏదో తేడాగా ఉందని మాత్రం అనిపిస్తుంది.

భీమిలి పెద్దమ్మ:
సైజు సంగతి ఆ అబ్బాయి చెప్పాడుగా, ఫొటో తీసే సంగతి నేను చెప్తా. మా మనవలందరి ఫొటోలూ ఇంట్లోనే తీశాం.

గుంటని కూర్చోబెట్టి తీయాలని చూడకమ్మా, ఆ వయసులో ఓ పక్కకి వాలిపోతూనే ఉంటుంది, వెనక నుంచి పట్టుకుంటే మన చేతులు ఫొటోలో పడతాయి. తెల్ల దుప్పటి బాగా ఇస్త్రీ చేసి మంచం మీద పరిచి, దాని మీద వెల్లకిలా పడుకోబెట్టి పైనుంచి తియ్యి. మడతలుంటే వాటి నీడలు గీతల్లా కనిపిస్తాయి. కిటికీ పక్కన మంచం ఉంటే మేలు, ఎండ సూటిగా పడకూడదు, వెలుతురు మాత్రం ఉండాలి. కిటికీకి, పాపకి మధ్య నువ్వు నిలబడితే నీ నీడే ముఖం మీద పడుతుంది. ఫ్లాష్ అసలొద్దు. తెల్ల గౌను వెయ్యకు, దుప్పట్లో కలిసిపోయి తలకాయ ఒక్కటే తేలుతున్నట్టు ఉంటుంది, ఏ నీలమో ఎరుపో వెయ్యి. పాలు తాగి నిద్ర లేచిన వెంటనే అయితే కళ్లు బాగా తెరిచి చూస్తుంది. ఇంకొకరు నీ భుజం వెనకాల నిలబడి గిలక్కాయ ఆడిస్తే సూటిగా కెమెరా వైపే చూపు ఉంటుంది. నోరు మూసుకునే ఉండాలి, నోట్లో పాలపీక ఉండకూడదు.

దిష్టిచుక్క, కాటుక రెండూ తుడిచెయ్యి. బుగ్గ మీద అంత నల్లటి చుక్క ఉంటే పుట్టుమచ్చ అనుకుంటారు. మీ అత్తగారికి చెప్పు, అరికాల్లో పెట్టుకోవచ్చని. మా ఇంట్లో అలాగే ఒప్పించాం, ఆవిడ ఇంకా పెద్ద చుక్క పెట్టింది అంతే.

గాజువాక ల్యాబ్:
పెద్దమ్మ చెప్పినదానికి ఒక్క మాట కలుపుతా. ఫోన్ ముఖానికి మరీ దగ్గర పెట్టకండి, ముక్కు పెద్దదిగా, చెవులు వెనక్కి పోయినట్టు వస్తాయి. మంచం పక్కన నిలబడి వెనక కెమెరాతో 2ఎక్స్ జూమ్ పెట్టండి. బ్యూటీ, పోర్ట్రెయిట్ మోడ్‌లు ఆపెయ్యండి. తీసేటప్పుడు చుట్టూ ఖాళీ వదిలి తీసుకుని తర్వాత కత్తిరించుకోవాలి, ముందే బిగించి తీస్తే సర్దడానికి చోటుండదు. తుది ఫొటోలో ముఖమే ముప్పాతిక భాగం కంటే ఎక్కువ ఉండాలి, తల పైన కొద్దిగా ఖాళీ, కింద భుజాలు.

సీతమ్మధార నాన్న:
మధ్యలో దూరుతున్నా, ఏమీ అనుకోకండి. మా అబ్బాయి ఎం.ఎస్.కి వెళ్తున్నాడు, పాస్‌పోర్ట్ కోసమని ఎప్పుడో తీయించిన 3.5 × 4.5 ఫొటోలే చాలా ఉన్నాయి. అమెరికా వీసాకి అవే వాడేయొచ్చా?

గాజువాక ల్యాబ్:
కుదరదండి. వాళ్లది చదరం, 2 × 2 అంగుళాలు. ఆన్‌లైన్‌లో పెట్టేదైతే 600 × 600 నుంచి 1200 × 1200 పిక్సెల్స్, జేపెగ్, 240 కేబీ దాటకూడదు. గడ్డం నుంచి నడినెత్తి దాకా 25 నుంచి 35 మిల్లీమీటర్లు ఉండాలి. ఫొటో ఆరు నెలల లోపుదై ఉండాలి, ఎప్పుడో తీయించిందంటున్నారు కాబట్టి కొత్తది తీయించేయండి. కళ్లజోడు ఉంటే తీసేయమనండి, 2016 నవంబర్ నుంచి ఒప్పుకోవట్లేదు. 4×6 షీటు మీద ఇవి ఆరు పడతాయి. బ్యాంక్ పరీక్షలకి ఐబీపీఎస్ వాళ్లు అడిగేది ఇంకోటి, 200 × 230 పిక్సెల్స్, 20 నుంచి 50 కేబీ. అన్నిటికీ 'పాస్‌పోర్ట్ సైజ్' అనే పేరే, కొలతలు మాత్రం ఎవరివి వాళ్లవి.

ఎంవీపీ అమ్మ:
చాలా థ్యాంక్స్ అండి. ఫిట్ టు పేజ్ మాటే నిజం, మా ఆయన వెళ్లి కూర్చుని టిక్ తీయిస్తే 3.5 × 4.5 వచ్చింది. కానీ పెద్దమ్మ చెప్పినట్టు మళ్లీ తీద్దామనుకుంటున్నా, పాతదాంట్లో ఒక చెవి దగ్గర నీడ ఉంది. ఇంకో రెండు ప్రశ్నలు. దుప్పటి కాస్త పసుపు రంగులో పడుతోంది, యాప్‌తో బ్యాక్‌గ్రౌండ్ మార్చేయొచ్చా? ఇంట్లో ఇంక్‌జెట్ ఉంది, ఫొటో పేపర్ కొంటే చాలా?

గాజువాక ల్యాబ్:
బ్యాక్‌గ్రౌండ్ మార్చొద్దు మేడమ్. పసిపిల్లల జుట్టు పల్చగా ఉంటుంది కదా, యాప్‌లు దాన్ని సగం మింగేసి తల చుట్టూ కత్తెరతో కోసినట్టు చేస్తాయి. పసుపు వస్తోందంటే గదిలో బల్బు వెలుగుతున్నట్టే, అది ఆపేసి పగటి వెలుతురులో తీయండి. ఇంక్‌జెట్ వద్దు. మన వైజాగ్ ఉక్కకి చేతులు ఎప్పుడూ చెమటే, చాలా ఇంక్‌జెట్ ప్రింట్లు తడి వేలు తగిలితే పాకిపోతాయి. ల్యాబ్ ప్రింట్ తీసుకుని, స్కేలు పెట్టి బ్లేడుతో కోయండి, కత్తెరతో అంచులు వంకర పోతాయి. వెనకాల పెన్నుతో గట్టిగా పేరు రాయకండి, ముఖం మీద అచ్చు పడుతుంది.

భీమిలి పెద్దమ్మ:
రెండు మూడు ఎక్కువే కోసి బ్యాగులో వేసుకో తల్లీ, పాలసీసా పక్కన మాత్రం పెట్టకు.