మినీ లేత్‌లో ప్రెసిషన్ పెరగాలంటే ముందు ఏం మార్చాలి: బేరింగులా, డీఆర్ఓనా?

ఆవిరి ఇంజన్:
నా దగ్గర 7×14 అంగుళాల చైనా మినీ లేత్ (లోహపు రాడ్‌ని తిప్పుతూ కోసే చిన్న మిషన్) ఉంది. చిన్న ఆవిరి ఇంజన్ల నమూనాలు చేస్తుంటాను. 12 మి.మీ. ఎంఎస్ (మైల్డ్ స్టీల్) రాడ్‌ని చక్ (రాడ్‌ని పట్టి తిప్పే భాగం) నుంచి 60 మి.మీ. బయటికి పెట్టి టర్నింగ్ చేస్తే, చక్ దగ్గరికంటే చివర 0.04 మి.మీ. లావుగా వస్తోంది. త్రీ జా (మూడు దవడల) చక్‌లో అదే రాడ్ మీద డయల్ గేజ్ (సన్నటి కదలికని ముల్లుతో చూపేది) పెడితే 0.07 మి.మీ. ఊగుతోంది. 30 వేలు పక్కన పెట్టాను. స్పిండిల్‌కి (చక్‌ని తిప్పే ఇరుసుకి) టేపర్ రోలర్ బేరింగులు వేయించమని కొందరు, డీఆర్ఓ (స్లయిడ్ ఎంత జరిగిందో అంకెల్లో చూపే డిజిటల్ రీడౌట్) పెట్టించుకోమని కొందరు అంటున్నారు. ఏది ముందు?

బాలానగర్ టర్నర్:
బేరింగులే ముందండీ. ఈ మిషన్లలో మామూలుగా వచ్చేవి 6206 బాల్ బేరింగులు. స్పిండిల్ ముందుకీ వెనక్కీ కదలకుండా పట్టి ఉంచడంలో అవి టేపర్ రోలర్ ముందు తేలిపోతాయి. పార్టింగ్ టూల్ (రాడ్‌ని తెగ్గోసేది) దించగానే మిషన్ గడగడలాడటానికి అదొక కారణం. 30206 టేపర్ రోలర్లు వేసి ప్రీలోడ్ ఇవ్వండి, అంటే సందు లేకుండా ముందే బిగించండి. లోపలి సైజు 30, బయటి సైజు 62 అవే కాబట్టి హెడ్‌స్టాక్ (స్పిండిల్ ఉండే పెట్టె) జోలికి వెళ్లక్కర్లేదు. వెడల్పు 16కి బదులు 17.25 ఉంటుంది, స్పేసర్ ఆ మేరకు తగ్గించుకోవాలి. స్పిండిల్ గట్టిగా లేకపోతే మిగతావి ఎన్ని పెట్టినా దండగ.

మైక్రోమీటర్:
అన్నా, పార్టింగ్ గురించి మీరన్నది ఒప్పుకుంటాను. కానీ ఈయన చెప్పిన రెండు లక్షణాలూ బేరింగువి కావు.

టేపర్ (ఒక చివర లావుగా రావడం) లెక్క చూడండి. ఒక చివరే పట్టుకున్న రాడ్ టూల్ ఒత్తిడికి వంగుతుంది. టూల్ 5 కిలోల బలంతో నెడుతోందనుకుంటే, 12 మి.మీ. స్టీలు రాడ్ 60 మి.మీ. దూరంలో సుమారు 0.017 వెనక్కి జరుగుతుంది. డయామీటర్‌లో అది 0.035. ఈయనకి వస్తున్నది 0.04, అదీ బయటి చివరే లావు. ఇంత దగ్గరగా కలుస్తుంటే ముందు అనుమానించాల్సింది రాడ్‌నే. పదివేల బేరింగు వేసినా రాడ్ వంగడం మానదు. బయటికి ఉన్న పొడవు సగం చేస్తే వంపు ఎనిమిదో వంతుకి పడిపోతుంది. సగం చేయడం కుదరకపోతే చివర సెంటర్ డ్రిల్ వేసి టెయిల్‌స్టాక్‌తో (రాడ్ రెండో చివరకి ఆనించే భాగంతో) పట్టుకోండి, కాకపోతే టెయిల్‌స్టాక్ లైన్‌లో ఉందో లేదో ముందు చూసుకోవాలి.

టూల్ కూడా చూడండి. ముక్కు గుండ్రంగా ఉన్న మామూలు కార్బైడ్ ఇన్సర్ట్ (టూల్‌కి బిగించే కోత ముక్క) సన్నటి కట్‌లో కోయడం కంటే రుద్దడమే ఎక్కువ చేస్తుంది, ఒత్తిడి పెరుగుతుంది. బాగా పదును పెట్టిన హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీల్) బిట్ ఇలాంటి చిన్న మిషన్‌కి ఎంతో మేలు.

ఇక చక్‌లో 0.07. త్రీ జా చక్‌కి అది వింతేమీ కాదు. జాబ్‌ని (చేస్తున్న ముక్కని) విప్పకుండా ఒకే సెట్టింగ్‌లో టర్నింగ్, బోరింగ్ (లోపలి రంధ్రం కోయడం) పూర్తి చేస్తే చక్ ఎంత ఊగినా రెండూ ఒకే సెంటర్‌కి వస్తాయి. తిప్పి పట్టుకోవాల్సిన జాబ్‌కి ఫోర్ జా చక్ (నాలుగు దవడల్నీ విడివిడిగా జరపగలిగేది) కొనండి, డయల్ గేజ్ పెట్టి 0.01 లోపలికి తెచ్చుకోవచ్చు. స్పిండిల్ సంగతి తేలాలంటే గేజ్ పెట్టాల్సింది రాడ్ మీద కాదు, స్పిండిల్ లోపలి టేపర్ (ఏటవాలు రంధ్రం) మీద.

డీఆర్ఓ పక్షం:
వంగడం ఒప్పుకుంటా. కానీ నా మిషన్ క్రాస్ స్లయిడ్ (టూల్‌ని రాడ్ వైపు జరిపే భాగం) డయల్‌లో ఒక గీత 0.025, అంటే డయామీటర్‌లో 0.05. అంత మోటు గీతలతో పిస్టన్ ఫిట్ ఎలా తెస్తాం? స్క్రూలో ప్లే (వదులు) వేరే. డీఆర్ఓ స్లయిడ్ కదలికనే కొలుస్తుంది కాబట్టి ఆ ప్లే లెక్కలోకి రాదు. నా పనిలో తేడా కనిపించింది దానివల్లే.

మైక్రోమీటర్:
సౌకర్యం నిజమే. అయితే అది స్లయిడ్ ఎక్కడుందో చెబుతుంది, జాబ్ సైజు చెప్పదు. రాడ్ వంగినా స్క్రీన్ మీద అంకె అందంగానే ఉంటుంది. ఖర్చు లేని దారి ఒకటుంది. కాంపౌండ్ స్లయిడ్‌ని (క్రాస్ స్లయిడ్ మీద కోణంలో తిప్పగలిగే చిన్న స్లయిడ్‌ని) బెడ్‌కి (మిషన్ పొడవాటి పీఠానికి) సమాంతరం నుంచి 5 డిగ్రీల 44 నిమిషాలు తిప్పి పెట్టండి. దాన్ని 0.1 జరిపితే టూల్ లోపలికి 0.01 వెళుతుంది.

బాలానగర్ టర్నర్:
ఈ మిషన్‌లో అన్నిటికంటే బలహీనమైన భాగం ఆ కాంపౌండే కదా! నేనైతే దాన్ని తీసేసి కింద గట్టి స్టీలు దిమ్మ పెట్టి టూల్ పోస్ట్ బిగిస్తాను. మీరు దాన్నే నమ్ముకోమంటున్నారు.

మైక్రోమీటర్:
పార్టింగ్‌కి, పెద్ద కట్‌కి దిమ్మే మంచిది, అందులో వాదన లేదు. ఫినిషింగ్ కట్‌కి మాత్రం జిబ్‌లు (స్లయిడ్ వదులు తగ్గించే పట్టీలు) సరిగ్గా బిగించిన కాంపౌండ్ చాలు. దిమ్మ చేసుకోండి, కాంపౌండ్ మాత్రం పారేయకండి.

ఆవిరి ఇంజన్ గారూ, డబ్బు తీసేముందు ఒక పరీక్ష చేయండి. 25 మి.మీ. రాడ్ పట్టుకోండి. అదే పొడవుకి 12 మి.మీ. రాడ్ కంటే అది దాదాపు 19 రెట్లు తక్కువ వంగుతుంది. టెయిల్‌స్టాక్ వాడకుండా రెండు చివర్లా వెడల్పాటి అంచులు వదిలి మధ్యలో తగ్గించండి. తర్వాత ఒకే సెట్టింగ్‌లో రెండంచుల మీదా పలచటి కట్ తీసి కొలవండి. అక్కడ కూడా తేడా వస్తే బెడ్ మెలిక, హెడ్‌స్టాక్ లైన్ చూడాలి.

ఆవిరి ఇంజన్:
చేశాను. రెండంచులకీ మధ్య తేడా 0.005. ముందు ఫోర్ జా చక్, మంచి మైక్రోమీటర్ కొంటున్నాను.

బాలానగర్ టర్నర్:
సరే, టేపర్ విషయంలో మీదే కరెక్ట్. కానీ బేరింగు మాట నేను వదలను. స్పిండిల్ ముఖానికి డయల్ గేజ్ ఆనించి, చక్‌ని చేత్తో ముందుకి లాగి వెనక్కి నెట్టి చూడండి. ముల్లు 0.02 దాటి కదిలితే ప్రీలోడ్ నట్ సరిచేసి మళ్లీ చూడండి. అప్పటికీ తగ్గకపోతే ఆ అంకె ఇక్కడ పెట్టండి.