కాళ్ల పీకులాట, తెల్లవారుజామున ఒళ్లు బిగుసుకుపోవడం: మీలో ఎవరికైనా ఉందా?

మిషన్_అక్క (కర్నూలు)
టైము రాత్రి 2:50. నిలబడే టైప్ చేస్తున్నా. కూర్చుంటే మళ్లీ మొదలవుతుంది.

మాది సీ క్యాంపు దగ్గర. ఇంట్లోనే బ్లౌజులు కుడతాను, వయసు 39. రెండేళ్లుగా రాత్రి తొమ్మిది దాటితే పిక్కల లోపల గోలీసోడా కొట్టినట్టు ఏదో పొంగుతుంది. నొప్పీ కాదు, తిమ్మిరీ కాదు. కాలు కదిలించకపోతే పిచ్చెక్కుతుంది. లేచి నాలుగడుగులు వేస్తే ఆగిపోతుంది, పడుకుంటే మళ్లీ తయారు. చల్లగా ఉంటాయని వంటింటి బండల మీద పాదాలు ఆనించి నిలబడతాను. మా అత్త లేచి చూసి, "ఏందే పాపా, దయ్యం మాదిరి తిరుగుతాండావ్" అంటుంది.

ఇదొకటి చాలదన్నట్టు, నాలుగున్నరకి ఎలాగో కునుకు పడితే ఇంకోటి. కళ్లు తెరుచుకుంటాయి. ఫ్యాన్ కనిపిస్తుంది, పాలబ్బాయి బండి చప్పుడు వినిపిస్తుంది. వేలు కూడా కదలదు. కాళ్ల దగ్గర ఎవరో కూర్చుని ఉంటారు, గుండె మీద బరువు. అరుస్తాను, గొంతు రాదు. ఈ నెలలో అయిదుసార్లు అయింది.

ఇనుము ఉంటే దగ్గరికి రావని మా అత్త నా కత్తెర తీసి నా దిండు కింద పెట్టింది. పొద్దున పని మొదలుపెడదామంటే కత్తెర కనబడక ఇల్లంతా వెతికాను. పక్షవాతానికి ముందు ఇలా వస్తుందా? ఆ టెన్షన్‌తోనే సగం నిద్ర పోతోంది.

సీ_షిఫ్ట్ (ఎర్రగుంట్ల)
అక్కా, రెండోది పక్షవాతం కాదు. స్లీప్ పెరాలిసిస్ అంటారు. సిమెంట్ ఫ్యాక్టరీలో రాత్రి పది నుంచి ఆరు డ్యూటీ నాది, ఆరేళ్లుగా దీనితోనే ఉన్నాను. కలలొచ్చే నిద్రలో మనం లేచి కలలోలాగా పరిగెత్తకుండా మెదడు ఒళ్లంతటికీ తాళం వేస్తుంది. ఒక్కోసారి మెలకువ ముందొస్తుంది, తాళం తర్వాత తీస్తుంది. ఆ మధ్యలో కల ఇంకా నడుస్తూనే ఉంటుంది, అందుకే మనిషి కనిపిస్తాడు. ఊపిరి మాత్రం దాని పని అది చేస్తుంది, ఆడటం లేదనిపించినా సరే.

నాకు మొదటిసారి వచ్చింది రూములో, పగలు పదకొండుకి. పక్కన మావాడు పప్పు వండుతున్నాడు. కుక్కర్ రెండో విజిల్ విన్నాను, బిగుసుకుపోయాను. చచ్చిపోతున్నా అనుకున్నాను. మూడో విజిల్‌కి ముందే వదిలేసింది. అరగంట అనుకున్నది రెండు నిమిషాలు కూడా కాదు! అప్పటినుంచి భయం సగం తగ్గింది.

వెల్లకిలా పడుకుంటే ఎక్కువ వస్తుంది. నేను తువాలు ముడివేసి వీపు వైపు బనీనులో దోపుకుంటా, వెల్లకిలా తిరగబోతే గుచ్చుకుంటుంది. వచ్చినప్పుడు మొత్తం లేవాలని పెనుగులాడొద్దు. కాలి బొటనవేలు ఒక్కటే కదిలించాలని చూడండి. నైట్ డ్యూటీ వారం అయిపోయాక వరసగా వస్తుంది నాకు. అంటే నిద్ర అప్పు.

గురువారం (కడప)
మా చెల్లికి ఇలాగే ఉంటే అమ్మ పెద్ద దర్గాకి తీసుకెళ్లింది. తగ్గింది. అన్నిటికీ మెదడు మెదడు అంటే ఎట్లబ్బా.

సీ_షిఫ్ట్ (ఎర్రగుంట్ల)
నేనూ పోయాను అన్నా, కాదనను. అక్కడ కూర్చుంటే మనసు కుదుటపడుతుంది, ఆ రాత్రి నిద్ర పడుతుంది. నిద్ర పడితే ఇది తగ్గుతుంది. కానీ అక్క కాళ్లకి అది సరిపోదు.

ల్యాబ్‌లో_పని (కడప)
కాళ్ల సంగతికి వస్తాను. కదలకుండా ఉంటే మొదలవడం, నడిస్తే తగ్గడం, సాయంత్రం నుంచి రాత్రికి పెరగడం, కదిలించి తీరాలనే తపన. ఈ నాలుగూ ఉంటే రెస్ట్‌లెస్ లెగ్స్ అనే అనుమానిస్తారు. కొత్త జబ్బేం కాదు, 1672లోనే థామస్ విల్లిస్ అనే ఇంగ్లండు డాక్టరు రాశాడు. 1945లో స్వీడన్ డాక్టరు ఎక్‌బామ్ దీన్ని వివరంగా చెప్పాడు. మన ఇళ్లలో మాత్రం "కాళ్లు ఊపకు, అరిష్టం" అని వీపు మీద ఒకటి వేస్తారు.

అక్కా, హిమోగ్లోబిన్ ఒక్కటే చూపించుకుని రావద్దు. ఫెరిటిన్ అని అడగండి. అది ఒంట్లో దాచిపెట్టిన ఇనుము లెక్క. హిమోగ్లోబిన్ 12 ఉన్నా ఫెరిటిన్ అడుగంటి ఉండొచ్చు, నెలసరి ఎక్కువయ్యే ఆడవాళ్లలో రోజూ చూస్తుంటాను. రిపోర్టులో "నార్మల్" అని వచ్చినా ఈ జబ్బు ఉన్నవాళ్లకి 75 కంటే తక్కువుంటే డాక్టర్లు ఐరన్ ఇచ్చి చూస్తారు. మీ అత్త చెప్పింది పూర్తిగా తప్పు కాదు. ఇనుము కావాల్సిందే, దిండు కింద కాదు.

కడప_కోడలు
నాకు ఏడో నెలలో మొదలైంది. రాత్రంతా మా ఆయన కాళ్లు పిసుకుతూ కూర్చునేవాడు పాపం, కూర్చునే నిద్రపోయేవాడు. డెలివరీ అయిన వారానికి మాయం. రెండో కాన్పుకి మళ్లీ వచ్చింది.

రిటైర్డ్_టీచర్ (అనంతపురం)
అమ్మా, నాకు 64. ఇరవై ఏళ్లుగా ఉంది. పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు ఎప్పుడూ నిలబడే ఉండేవాడిని కాబట్టి తెలియలేదు. పరీక్షల డ్యూటీలో కుర్చీలో కూర్చుంటేనే నరకం.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ కాళ్లకి నాకు ప్రామిపెక్సోల్ అనే మాత్ర ఇచ్చారు. మొదటి రాత్రే హాయిగా పడుకున్నాను. ఇదేదో అమృతం అనుకున్నాను. మూడేళ్లకి కథ మారింది. రాత్రి పదికి రావాల్సింది సాయంత్రం నాలుగుకే రావడం మొదలైంది, తర్వాత చేతులకి పాకింది. మాత్ర చాలడం లేదేమో అని నేనే ఒకటి పెంచుకున్నాను. అదే నేను చేసిన పెద్ద పొరపాటు. మందే జబ్బుని పెంచుతోందని కొత్త డాక్టరు చెప్పారు. దీన్ని ఆగ్మెంటేషన్ అంటారట. దాన్ని నెమ్మదిగా తగ్గిస్తూ ప్రిగాబలిన్ అనే వేరే మందుకి మార్చారు. ఆ రెండు నెలలు ఎలా గడిచాయో ఇంట్లోవాళ్లని అడగాలి. ఇప్పుడు చాలామంది డాక్టర్లు ప్రిగాబలిన్, గాబాపెంటిన్ లాంటివే ముందు చూస్తున్నారు. వాటికీ మగత, తల తిరగడం ఉంటాయి.

ఇంకో మాట. ఆ పాత మందు వల్ల కొందరికి జూదం పిచ్చి పట్టవచ్చు. నన్ను డాక్టరు "ఆన్‌లైన్ రమ్మీ ఏమైనా ఆడుతున్నారా సార్" అని అడిగితే మొదట కోపం వచ్చింది, తర్వాత అర్థమైంది.

ఉగ్గాని_బజ్జి (కర్నూలు)
మా నాన్నకి డయాలసిస్. నాలుగు గంటలు మంచం మీద కదలకుండా ఉండాలి, కాళ్లు ఆగవు. కిడ్నీ వాళ్లలో ఇది ఎక్కువట. పక్కన కూర్చుని మడమలు పట్టుకుంటాను, అంతకంటే చేసేది లేదు.

మిషన్_అక్క (కర్నూలు)
అందరికీ థాంక్స్. రిపోర్టు వచ్చింది. హిమోగ్లోబిన్ 11.9, ఫెరిటిన్ 13. న్యూరాలజీ (నరాల) డాక్టరుకి చూపించాను. ముందు చూసిన ఇంకో డాక్టరయితే కాల్షియం రాసి, "టెన్షన్ తగ్గించుకోమ్మా" అని రెండు నిమిషాల్లో పంపించేశారు.

ఈ న్యూరాలజీ డాక్టరు నేను వాడుతున్న మాత్రలన్నీ సంచిలోంచి తీయించారు. జలుబుకని నెలల తరబడి రాత్రిపూట వేసుకుంటున్న మత్తు మాత్ర ఒకటుంది. దానివల్ల కాళ్ల సమస్య ఎక్కువవుతుందట, ఆపించారు. కొన్ని వాంతి మాత్రలూ అంతేనట. నేనేమో నిద్ర పడుతుందని దాన్నే రెండు వేసుకున్న రాత్రులున్నాయి!

ఐరన్ మాత్ర రోజు విడిచి రోజు. టీకి దూరంగా, నిమ్మరసంతో. నేను కుట్టు మధ్యలో నాలుగు టీలు తాగే మనిషిని, మాత్ర కూడా టీతోనే మింగేదాన్ని.

సీ_షిఫ్ట్ (ఎర్రగుంట్ల)
మలం నల్లగా వస్తుంది, బెదరకండి.

డిగ్రీ_కుర్రోడు (నంద్యాల రోడ్డు)
నాకూ ఒళ్లు బిగుసుకుంటుంది. ఇంకా క్లాసులో ఎంత నిద్రపోయినా చాలదు. ఫ్రెండ్స్ జోకేస్తే నవ్వేటప్పుడు మోకాళ్లు వదులైపోతాయి, ఒకసారి కింద పడ్డాను. అందరూ యాక్షన్ అంటున్నారు.

రిటైర్డ్_టీచర్ (అనంతపురం)
నాయనా, నువ్వు తువాలు ముడులతో ఆగొద్దు. నవ్వితే కాళ్లు వదిలేయడం, పగలంతా ఆపుకోలేని నిద్ర కలిసి ఉంటే నార్కోలెప్సీ, అంటే నిద్ర అదుపు తప్పే జబ్బు, ఉందేమో చూడాలి. న్యూరాలజీకి వెళ్లి ఇక్కడ రాసింది రాసినట్టు చెప్పు. అప్పటిదాకా బైకు నడపకు.

మిషన్_అక్క (కర్నూలు)
మూడు నెలలైంది. ఫెరిటిన్ 41. కాళ్లు పూర్తిగా ఆగలేదు, వారంలో రెండు మూడు రాత్రులు వస్తుంది. కానీ పన్నెండుకల్లా పడుకుంటున్నా. విచిత్రమేంటంటే, ఒళ్లు బిగుసుకోవడానికి ఏ మందూ వాడలేదు, అదే తగ్గింది. ఈ మూడు నెలల్లో ఒక్కసారే వచ్చింది, అదీ పెళ్లి బ్లౌజులకి రెండు రాత్రులు మేలుకున్నాక. బొటనవేలు కదిపాను తమ్ముడూ, పని చేసింది.

ఒకటి అడగాలి. వచ్చే వారం హైదరాబాద్ పోవాలి. కిందటిసారి రాత్రి బస్సులో పుల్లూరు టోల్ దాటేలోపే కాళ్లు మొదలై, డ్రైవర్ పక్కన నిలబడి పోయాను. పగటి బస్సు ఎక్కమంటారా, రైలా?

ఉగ్గాని_బజ్జి (కర్నూలు)
పగటి రైలు అక్కా. బోగీ ఈ చివర నుంచి ఆ చివరకి నడవొచ్చు, ఎవరూ ఏమనరు.

మిషన్_అక్క (కర్నూలు)
సరే. కత్తెర మాత్రం ఇంకా దిండు కిందే ఉంది. అత్త కోసం పాత కత్తెర ఒకటి అక్కడ పెట్టేశా.