కాగితం లేకుండా రోజూ ఠాణాకి పిలుపు, ఒరియాలో రాసినదాని కింద సంతకం: ఎక్కడ మొదలుపెట్టాలి?

మహేంద్రతనయ:
ఒడిశా గజపతి జిల్లా, పర్లాకిమిడి చుట్టుపక్కల పల్లె. పాతికేళ్ళ కుర్రాడిని ఒక ఠాణా వాళ్ళు మూడు రోజుల నుంచి ఉదయం పదింటికి ఫోన్ చేసి రమ్మంటున్నారు, రాత్రి ఎనిమిది దాటాక వదులుతున్నారు. ఏదో దొంగతనం కేసట. నోటీసు ఇవ్వలేదు, ఎఫ్ఐఆర్ నంబరు చెప్పలేదు. సెల్‌ఫోన్ తీసుకున్నారు, రసీదు లేదు. నిన్న ఒరియాలో రాసిన రెండు పేజీలు ముందు పెట్టి సంతకం చెయ్యమన్నారు. కుర్రాడికి ఒరియా మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. రేపు వాళ్ళమ్మని కూడా తీసుకురమ్మన్నారు. అవతల ఆంధ్రా పోలీసులు కూడా ఇదే విషయమై వస్తారని చెబుతున్నారు. దీనికి కటక్ దాకా వెళ్ళి హైకోర్టులో వెయ్యాలా? లేక ఇక్కడే చేసేది ఉందా? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పగలరు.

వంశధార_గట్టు:
కటక్ సంగతి తర్వాత చూద్దామండీ. ముందు రేపు పొద్దున్న పనులు.

మొదటిది: వాళ్ళమ్మగారు వెళ్ళక్కర్లేదు. బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక సురక్షా సంహిత, సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 179 (పాత సీఆర్‌పీసీ 160) ప్రకారం ఆడవాళ్ళని, పదిహేనేళ్ళ లోపు, అరవై దాటిన మగవాళ్ళని, వికలాంగుల్ని, జబ్బుపడ్డవాళ్ళని సాక్షిగా విచారించాలంటే పోలీసులే ఇంటికి రావాలి. ఇది మన ఒడిశా కేసులోనే తేలింది. 1977లో మాజీ ముఖ్యమంత్రి నందినీ శతపథిని కటక్ విజిలెన్స్ ఠాణాకి రమ్మని కాగితం పంపారు. 1978లో సుప్రీంకోర్టు, ఆడమనిషిని ఠాణాకి పిలవడమే ఈ సెక్షన్‌కి విరుద్ధమని చెప్పింది. తనమీదికి నేరం వచ్చే ప్రశ్నకి జవాబు చెప్పనవసరం లేదని, విచారణ వేళ వకీలు దగ్గర ఉండొచ్చని కూడా ఆ తీర్పులోనే ఉంది.

రెండోది: ఫోన్ పిలుపు నోటీసు కాదు. ఠాణావాళ్ళు మనిషిని పిలవడానికి రెండు దారులు. సాక్షి అయితే 179 కింద రాతపూర్వక ఉత్తర్వు. అనుమానితుడైతే 35(3) (పాత 41ఎ) కింద నోటీసు. రెండూ కాగితం మీదే రావాలి. వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో సతేందర్ కుమార్ అంతిల్ కేసు ఉత్తర్వులో చెప్పింది. కాగితం చేతికొచ్చాక ముందు సెక్షన్ నంబరు చూడండి. 179 అని పిలిచి, లోపలికెళ్ళాక ముద్దాయిగా చూపించడం మామూలు ఎత్తు. 35(3) అయితే మాత్రం మానేసి కూర్చోకూడదు. వెళ్ళకపోతే అదే అరెస్టుకి కారణం అవుతుంది. చెప్పిన వేళకి హాజరవుతున్నంతకాలం, కారణాలు రాసిపెట్టకుండా అరెస్టు చెయ్యకూడదు.

మామూలు దొంగతనానికి గరిష్ఠ శిక్ష మూడేళ్ళు. ఏడేళ్ళ లోపు శిక్ష ఉన్న కేసుల్లో అరెస్టు ఎందుకు అవసరమో రాసి చూపించకుండా పట్టుకెళ్ళకూడదని 2014లో అర్నేష్ కుమార్ తీర్పు. రాతలో ఏమీ లేకుండా రోజూ పదిగంటలు కూర్చోబెట్టడం ఈ తీర్పుని పక్కదోవన దాటడమే. అరెస్టు చూపించరు కాబట్టి, ఇరవైనాలుగు గంటల్లో జడ్జి ముందు పెట్టాలన్న లెక్క మొదలవదు, బెయిల్ మాట రాదు.

రేపు వెళ్ళాల్సి వస్తే ఇద్దరు పెద్దమనుషులతో వెళ్ళమనండి. గేటు దాటే ముందు టైము రాసుకోవాలి, బయటికొచ్చాక మళ్ళీ రాసుకోవాలి. ఏ అధికారి, నేమ్‌ప్లేట్ మీద ఏ పేరు, ఏ గదిలో కూర్చోబెట్టారు, భోజనం పెట్టారా. ఇప్పుడు అల్పంగా కనిపించే వివరాలివి. రెండు నెలల తర్వాత కోర్టులో అడిగేది వీటినే.

సిరొంచ_వకీలు:
సంతకం ముచ్చట నేను చెప్త. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాల మా దిక్కు మరాఠీ, మీ దిక్కు ఒరియా, లొల్లి ఒకటే.

పోలీసులు 180 (పాత 161) కింద రాసుకునే వాంగ్మూలం మీద సంతకం తీసుకోవద్దని 181లో సాఫ్‌గ ఉన్నది. అంటే ఆ రెండు పేజీలు వాంగ్మూలం అయితే సంతకం అడిగే హక్కే వాళ్ళకు లేదు. సంతకాలు ఉండేవి వేరే కాగితాలు: అరెస్టు మెమో, సీజర్ లిస్టు (పట్టుకున్న సామాన్ల జాబితా), పంచనామా, నోటీసు అందిందనే రసీదు. గవి కూడా చదివి వినిపించినంకనే పెట్టాలె.

అసలు భయం ఒప్పుకోలు కాదు. పోలీసుల ముందు ఒప్పుకున్నది భారతీయ సాక్ష్య అధినియం 23 ప్రకారం సాక్ష్యంగ పనికిరాదు. కని అదే సెక్షన్‌లో ఒక సందు ఉన్నది. ముద్దాయి చెప్పిన మాటతోని వస్తువు దొరికితే, ఆ మాట వరకు చెల్లుతది. తెల్లకాగితం మీది సంతకం రేపు ‘ఫలానా తావుల సెల్లు దాచిన, చూపిస్త’ అనే మెమో అయి కూసుంటది. చదవరాని భాషల పెట్టిన సంతకం కూడా దాదాపు తెల్లకాగితం మీద పెట్టినట్టే.

తప్పించుకునే వీలు లేకపోతే సంతకం పైన, అదే పెన్నుతోని, తెలుగుల రాయాలె: ‘ఈ కాగితం ఒరియాలో ఉంది. నాకు ఒరియా చదవడం రాదు. తెలుగులో చదివి వినిపించలేదు.’ కింద తారీఖు, టైము. సంతకానికీ పై రాతకూ నడుమ జాగ ఇడిసిపెట్టొద్దు, ఇడిస్తే అండ్ల ఇంకో లైను పడ్తది. చివరి పేజీ మీదనే కాదు, ప్రతి పేజీ మీద రాయాలె. చింపేసి కొత్తది రాస్తే? రాయనియ్యి. గది కూడా డైరీల రాసుకోవాలె.

అరెస్టు అయితే భాష సంగతి ఇంకా గట్టిది. 1962లనే హరికిసన్ వర్సెస్ మహారాష్ట్ర కేసుల రాజ్యాంగ ధర్మాసనం, నిర్బంధంల పెట్టిన మనిషికి కారణాలు ఆయనకు తెలిసిన భాషల ఇయ్యాలె అన్నది. అది ముందస్తు నిర్బంధం కేసు. ఇప్పుడు 2025 నవంబర్ 6న మిహిర్ రాజేశ్ షా వర్సెస్ మహారాష్ట్ర తీర్పుల అన్ని నేరాలకూ అదే అన్నరు: అరెస్టు కారణాలు రాతల, ఆ మనిషికి అర్థమయ్యే భాషల ఉండాలె. అప్పటికప్పుడు కుదరకపోతే నోటితో చెప్పి, రిమాండుకు జడ్జి ముందట నిలబెట్టేకంటే కనీసం రెండు గంటల ముందుగాల కాగితం ఇయ్యాలె. ఇయ్యకపోతే అరెస్టూ, దాని మీది రిమాండూ రెండూ చెల్లవు.

ఈ రెండు గంటల ముచ్చట గడ్చిరోలిల, మల్కనగిరిల ఎందుకు అంత పెద్దదంటే, కోర్టు వరండాల నిలబెట్టి అప్పుడే మెమో చేతిల పెట్టుడు అలవాటు. మరాఠీల ఉన్న మెమో చూసి మనోడు తలూపుతడు. ‘కారణాలు తెలియజేసినం, అర్థమైనయి’ అని రాసుకుంటరు. కాబట్టి రిమాండు టైముల జడ్జి ‘ఏమన్న ఫిర్యాదు ఉన్నదా’ అన్నప్పుడు తెలుగులనే గట్టిగ చెప్పాలె: నాకు మరాఠీ చదువరాదు, కాగితం ఇన్ని గంటలకు ఇచ్చిండ్రు. అది ఆర్డర్ షీట్ల ఎక్కించమని వకీలు అడగాలె. గాడ ఎక్కకపోతే తర్వాత హైకోర్టుల మన మాటకు ఆధారం ఉండదు.

ఇంకోటి. ఆడవాళ్ళను ఠాణాకు పిలిచే ముచ్చటల మా జిల్లా వాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లే. 1972ల దేసాయిగంజ్ ఠాణాల జరిగిన మథుర అత్యాచార కేసు మీద దేశం మొత్తం అడిగితేనే 1983ల చట్టం మారింది.

మహేంద్రతనయ:
చాలా ఉపకారం అండీ. ఒక చిక్కు: మొదటిరోజే ఒక కాగితం మీద సంతకం అయిపోయింది. అదేమిటో తెలియదు. ఫోన్ సంగతి కూడా చెప్పండి. కుర్రాడు ఎస్సీ, వకీలుకి ఇచ్చుకునే స్తోమతు లేదు.

కోర్టు_గుమస్తా:
అయిపోయిన సంతకానికి మందు ఆలస్యం చెయ్యకపోవడమే. ఇవాళే ఎస్పీ గారి పేర ఒక ఉత్తరం. తెలుగులో రాసి, పక్కన ఇంగ్లీషో ఒరియానో అనువాదం పెట్టండి. అందులో తేదీలు, గంటలు, ‘ఫలానా రోజు నాకు చదవడం రాని భాషలో ఉన్న కాగితం మీద సంతకం తీసుకున్నారు, దాని నకలు ఇవ్వలేదు’ అన్న ఒక్క వాక్యం చాలు. తిట్లు, అనుమానాలు, కులం పేరున చేశారన్న ఊహలు ఈ ఉత్తరంలో వద్దు. నిజంగా కులం పేరెత్తి తిడితే అది వేరే ఫిర్యాదు, వేరే చట్టం. రెండూ కలిపితే మొదటిది పలచబడుతుంది.

అదే ఉత్తరంలో సీసీ కెమెరా ఫుటేజీ అడగాలి. పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ప్రతి ఠాణాలో గేటు, లాకప్పు, వరండాలు, రిసెప్షన్, ఎస్సై గది, ఇన్‌స్పెక్టర్ గది, వెనక భాగం సహా కెమెరాలు పెట్టాలని, రికార్డు పద్దెనిమిది నెలలు, అది కుదరని చోట కనీసం ఏడాది దాచాలని చెప్పింది. ఆచరణలో హార్డ్ డిస్కు నిండగానే పాతది చెరిగిపోతుంది. ‘ఫుటేజీ ఇవ్వండి’ అని రాస్తే ఇవ్వలేమని జవాబు వస్తుంది. ‘ఫలానా తేదీ ఉదయం 9:30 నుంచి రాత్రి 8:30 దాకా గేటు, వరండా, ఎస్సై గది కెమెరాల రికార్డు చెరిపేయకుండా భద్రపరచండి’ అని రాయాలి. ఆ మాట రాశాక చెరిగిపోతే జవాబు చెప్పుకోవాల్సింది వాళ్ళు. నకలు కలెక్టరుకి పంపండి. ఈ కెమెరాలు చూసుకునే జిల్లా పర్యవేక్షణ కమిటీలో ఆయన సభ్యుడు.

పంపడం స్పీడ్ పోస్టులో. రిజిస్టర్డ్ పోస్టు 2025లో అందులోనే కలిసిపోయింది. ‘డెలివరీ అయింది’ అని ట్రాకింగ్‌లో కనపడగానే ప్రింటు తీసి రసీదుకి పిన్ చెయ్యండి. తర్వాత చూద్దామంటే ఆ పేజీ ఉండదు.

ఫోన్: స్వాధీనం చేసుకున్న ప్రతి వస్తువుకీ లిస్టు, సాక్షుల సంతకాలు, బీఎన్ఎస్ఎస్ 105 కింద ఆడియో వీడియో రికార్డింగు ఉండాలి. సీజ్ చేశాక మేజిస్ట్రేటుకి తెలియజెయ్యాలి. మీ దగ్గర రసీదు లేదు కాబట్టి, ఫోన్ గుర్తింపు నంబర్లు (ఐఎంఈఐ) రెండూ ఉండే పెట్టె ఫొటో తీసి ఉత్తరానికి జత చెయ్యండి. మేజిస్ట్రేటు కోర్టులో విడుదల అర్జీ వేస్తే, ‘మేం తీసుకోలేదు’ అంటారా, ‘ఫలానా కేసులో సీజ్ చేశాం’ అంటారా, రెంటిలో ఒకటి కాగితం మీదికి వస్తుంది. ఎఫ్ఐఆర్ నంబరు బయటపెట్టడానికి ఇంతకంటే చవక దారి లేదు. ఆ ఫోన్‌లోని సిమ్ బ్లాక్ చేయించి కొత్తది తీసుకోండి, బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి కదా.

డబ్బు సంగతి: ఎస్సీ, ఎస్టీ, ఆడవాళ్ళు, కస్టడీలో ఉన్నవాళ్ళు, వీళ్ళకి ఆదాయంతో పని లేకుండా న్యాయసేవల చట్టం 1987, సెక్షన్ 12 కింద ఉచితంగా వకీలు దొరుకుతారు. పర్లాకిమిడి జిల్లా కోర్టులోనే న్యాయసేవల సంస్థ ఆఫీసు. ఫోన్ 15100. దరఖాస్తులో ‘తెలుగు తెలిసిన వకీలు కావాలి’ అని రాయండి. అక్కడ ఆ కొరత లేదు.

సమాచార హక్కు దరఖాస్తు వేస్తే ఒడిశాలో తెల్లకాగితం మీద తీసుకోరు, ఫారం ‘ఎ’ నింపాలి, పది రూపాయల రుసుముకి కోర్టు ఫీజు స్టాంపు అంటించొచ్చు. సిరొంచ వైపు వాళ్ళకి మహారాష్ట్ర నిబంధన వేరే: ఒక్క దరఖాస్తుకి ఒక్క విషయం, నూట యాభై మాటలు దాటకూడదు. మనిషి స్వేచ్ఛకి సంబంధించినదైతే 48 గంటల్లో జవాబివ్వాలని పైన పెద్ద అక్షరాల్లో రాయాలి.

మానవ హక్కుల కమిషన్‌కి తెలుగులోనే రాయొచ్చు, రుసుము లేదు, జరిగిన ఏడాది లోపు వెయ్యాలి. రాష్ట్ర కమిషన్‌కీ జాతీయ కమిషన్‌కీ రెండింటికీ వెయ్యకండి. ఒకటి ముందు తీసుకుంటే రెండోది మూసేస్తుంది.

వంశధార_గట్టు:
గుమస్తాగారు రాసినదానికి ఒక చేర్పు, హైకోర్టు గురించి. రాత్రికి మనిషి తిరిగి రాకపోతేనే హెబియస్ కార్పస్ (మనిషిని కోర్టు ముందు పెట్టమనే పిటిషన్). అది వేసేలోపే అరెస్టు చూపించి రిమాండు చేయిస్తారు, ‘చట్టబద్ధ కస్టడీలో ఉన్నాడు’ అని పిటిషన్ మూతపడుతుంది. చాలా పిటిషన్లు పోయేది ఇక్కడే. అందుకని దానికి సమాంతరంగా మేజిస్ట్రేటు దగ్గర బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 100 (పాత 97) అర్జీ వెయ్యాలి, అక్రమంగా నిర్బంధించిన మనిషిని వెతికి తెమ్మని. ఇది పర్లాకిమిడిలోనే అవుతుంది. రిమాండు వేళ మెమోలో ఉన్న టైము కాకుండా నిజంగా కదలనివ్వకుండా ఆపిన టైము చెప్పాలి. 2025లో ఒక ఈడీ కేసులో, అరెస్టు కాగితం మీది గంట కాదు, ముందు అదుపులోకి తీసుకున్న గంట నుంచి లెక్కేసి, ఇరవైనాలుగు గంటలు దాటిందని అరెస్టుని సుప్రీంకోర్టు చెల్లదంది. మీరు గేటు దగ్గర రాసుకున్న టైములు ఇందుకే.

కటక్ ప్రయాణం కూడా తప్పుతుంది. ఒరిస్సా హైకోర్టు 2023లో జిల్లాల్లో వర్చువల్ హైకోర్టు కేంద్రాలు తెరిచింది.

ఇక ఆంధ్రా పోలీసుల సంగతి. వేరే రాష్ట్రం వాళ్ళు వస్తే ముందు స్థానిక ఠాణాలో చెప్పి డైరీలో రాయించడం, ఇంట్లోవాళ్ళకి తెలియజెయ్యడం, దగ్గర్లోని మేజిస్ట్రేటు నుంచి ట్రాన్సిట్ రిమాండు (వేరే రాష్ట్రానికి తీసుకెళ్ళడానికి అనుమతి), ఇదీ పద్ధతి. ఢిల్లీ హైకోర్టు 2019లో సందీప్ కుమార్ కేసులో వివరంగా రాసింది. మనకి అది శాసనం కాదు గానీ వాదనకి బలం. సరిహద్దులో వచ్చే తంటా ఏమిటంటే, పొలిమేర దాటితే ఆంధ్రాలోని పాతపట్నం వచ్చేస్తుంది, ‘మా కోర్టులోనే ఇరవైనాలుగు గంటల్లోపు పెడతాం, ట్రాన్సిట్ రిమాండు ఎందుకు’ అంటారు. దూరం కేసుల్లో పనికొచ్చే ఆ అడ్డు ఇక్కడ ఉండదు. కాబట్టి పట్టుకోవాల్సింది బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 48: ఎక్కడికి తీసుకెళ్తున్నారో బంధువుకి చెప్పాలి. 36 కింద అరెస్టు మెమో మీద కుటుంబసభ్యుడో, ఊళ్ళో మర్యాదస్తుడో సాక్షి సంతకం ఉండాలి. ఆ సాక్షిగా ఎవరు నిలబడాలో ఇప్పుడే అనుకుని పెట్టుకోండి. చదువుకున్నవాళ్ళయితే మంచిది, మెమోలో గంట సరిగా వేశారో లేదో చూస్తారు.

ఆంధ్రాలో ఎఫ్ఐఆర్ ఉందని నంబరుతో సహా తేలితే, ప్రియా ఇందోరియా తీర్పు (2023 నవంబరు) ప్రకారం ఇక్కడి సెషన్స్ కోర్టు కొద్ది రోజులకి ట్రాన్సిట్ ముందస్తు బెయిల్ ఇవ్వొచ్చు. ఆ లోపు అక్కడి కోర్టుకి వెళ్ళాలి. నేరుగా అక్కడికి ఎందుకు వెళ్ళలేకపోయారో కారణం రాయకపోతే కొట్టేస్తారు. ‘దూరం’ అని రాయకండి, పాతపట్నానికి దూరమేమిటని జడ్జిగారు నవ్వుతారు. దారిలోనే పట్టుకుంటారన్న భయం ఎందుకుందో ఆధారంతో రాయాలి.

మహేంద్రతనయ:
ఉత్తరం తయారైంది, మధ్యాహ్నం పోస్టాఫీసు మూసేలోపు వెళ్ళిపోతుంది. ఫోన్ పెట్టె ఇంట్లోనే దొరికింది, ఐఎంఈఐలు రెండూ ఉన్నాయి. 15100కి ఫోన్ చేస్తే సోమవారం పదిన్నరకి ఆధార్, కులధ్రువపత్రం పట్టుకుని రమ్మన్నారు. కులధ్రువపత్రం పాతది, తండ్రి పేరులో తేడా ఉంది. పర్లేదా?

కోర్టు_గుమస్తా:
పర్లేదు, తీసుకెళ్ళండి. తేడా గురించి ఒక అఫిడవిట్ రాయించుకుంటారు, అంతే. కేసులో మాత్రం ఆధార్‌లో ఉన్న స్పెల్లింగే అన్నిచోట్లా వాడమని వకీలుకి ముందే చెప్పండి.