సీమోయ్ హెడ్‌ఫోన్ యాంప్లిఫయరు: ఐసీ మార్చాక అవుట్‌పుట్‌లో డీసీ వోల్టేజి

ప్రశ్న:

నమస్కారం. తొమ్మిది వోల్టుల బ్యాటరీతో నడిచే సీమోయ్ యాంప్లిఫయరును వెరోబోర్డు మీద కట్టాను. ఓపీఏ2134 అనే ఆప్-ఆంప్ ఐసీ (సంకేతాన్ని పెంచే ఐసీ) దొరకలేదు. పిన్నుల అమరిక ఒకటే కనుక ఎన్‌ఈ5532 పెట్టాను. మిగిలినవన్నీ మూల సర్క్యూట్‌లోని విలువలే: ఇన్‌పుట్‌లో 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు, దాని తరువాత గ్రౌండుకు 100 కిలోఓమ్‌ల రెసిస్టరు, ఫీడ్‌బ్యాక్‌లో 10 కిలోఓమ్‌లు, 1 కిలోఓమ్, బ్యాటరీ వోల్టేజిని రెండుగా విడదీసి మధ్య బిందువును గ్రౌండుగా వాడుకోవడానికి రెండు 4.7 కిలోఓమ్‌ల రెసిస్టర్లు. హెడ్‌ఫోన్ లేకుండా కొలిస్తే గ్రౌండుకు రెండు వైపులా 4.6 వోల్టులు సమానంగా ఉన్నాయి. అయితే పాట ఏదీ పెట్టకపోయినా రెండు ఛానళ్ల అవుట్‌పుట్‌లోనూ మైనస్ 190 మిల్లీవోల్టుల దాకా చూపిస్తోంది. 32 ఓమ్‌ల పాత హెడ్‌ఫోన్ తగిలించగానే టప్పుమని చప్పుడు వచ్చి, పాజిటివ్ వైపు 7 వోల్టులు దాటుతోంది, నెగెటివ్ వైపు 2 వోల్టులే మిగులుతున్నాయి, పాట గరగరలాడుతోంది. విభజన రెసిస్టర్లలో లోపం ఉందా? మంచి హెడ్‌ఫోన్ తగిలించడానికి భయంగా ఉంది.

మొదటి సమాధానం:

మంచి హెడ్‌ఫోన్ తగిలించకపోవడమే సరైన పని. అవుట్‌పుట్‌లో డీసీ 20 మిల్లీవోల్టులకు లోపు వచ్చేవరకు హెడ్‌ఫోన్ బదులు 33 ఓమ్‌ల రెసిస్టరు పెట్టి పరీక్షించండి.

మీ విభజన రెసిస్టర్లలో లోపమేమీ లేదు. ఓపీఏ2134 ఇన్‌పుట్‌లో ఉన్నవి ఫెట్ ట్రాన్సిస్టర్లు, పనిచేయడానికి అవి ఇన్‌పుట్‌లో తీసుకునే కరెంటు (బయాస్ కరెంటు) లెక్కలోకి రానంత తక్కువ. ఎన్‌ఈ5532 ఇన్‌పుట్‌లో ఉన్నవి మామూలు ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్లు కనుక ఒక్కో ఇన్‌పుట్ దాదాపు 200 నానోఆంపియర్లు లోపలికి లాగుతుంది. ఆ కరెంటు మీ 100 కిలోఓమ్‌ల గుండా వెళ్లేటప్పుడు ఇన్‌పుట్ వద్ద మైనస్ 20 మిల్లీవోల్టుల వరకు ఏర్పడుతుంది, మీ గెయిన్ (సంకేతాన్ని పెంచే రెట్లు) 11 కాబట్టి అది అవుట్‌పుట్‌లో మీకు కనిపించినంత అవుతుంది. రెండు ఛానళ్లలోనూ ఒకే గుర్తుతో, దగ్గర దగ్గర విలువతో రావడమే ఇందుకు ఆనవాలు.

ఇక గ్రౌండు జారడం సంగతి. 190 మిల్లీవోల్టులు 32 ఓమ్‌ల మీద పడితే ఒక్కో చెవి వైపు 6 మిల్లీఆంపియర్ల చొప్పున, రెండు వైపులా కలిపి 12 మిల్లీఆంపియర్లు గ్రౌండు నుంచి పారాలి. మీ రెండు 4.7 కిలోఓమ్‌ల రెసిస్టర్లు అంత కరెంటు ఇవ్వలేవు, అందువల్ల ఐసీ అవుట్‌పుట్ ఇక కిందికి దిగలేని స్థితి వచ్చేవరకు గ్రౌండు నెగెటివ్ వైపు జారిపోతుంది. గరగరకు కారణం అదే.

చేయవలసినవి రెండు. 100 కిలోఓమ్‌ల స్థానంలో 22 కిలోఓమ్‌లు పెట్టి, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు తీసి 0.47 పెట్టండి. కెపాసిటరు పెంచకపోతే బాస్ పలచబడుతుంది, పెంచితే బాస్ తెగే స్థానం ఇంతకు ముందులాగే 16 హెర్ట్జ్ దరిదాపుల్లోనే ఉంటుంది. రెండవది, ఫీడ్‌బ్యాక్‌లోని 1 కిలోఓమ్ తీసి 4.7 కిలోఓమ్‌లు పెడితే గెయిన్ 11 నుంచి 3.1కి దిగుతుంది. 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్లలో చాలావాటికి అది సరిపోతుందని నా అభిప్రాయం. ఈ రెండూ చేస్తే లెక్క ప్రకారం మైనస్ 12 మిల్లీవోల్టుల దగ్గర ఆగాలి.

మరొకరి సమాధానం:

విభజన రెసిస్టర్లు తీసి, వోల్టేజిని రెండుగా విడదీసే ఐసీ టీఎల్‌ఈ2426 పెడితే గ్రౌండు కదలదు కదా, అంత మార్పు ఎందుకు?

మొదటి సమాధానమిచ్చినవారు:

టీఎల్‌ఈ2426 మంచి ఐసీ, 20 మిల్లీఆంపియర్ల వరకు గ్రౌండును నిలబెడుతుంది. కానీ ఇక్కడ అది లక్షణాన్ని మాత్రమే కప్పుతుంది. గ్రౌండు కదలనప్పటికీ ఆ 12 మిల్లీఆంపియర్లు హెడ్‌ఫోన్ కాయిల్ గుండా ఎడతెగకుండా పారుతూనే ఉంటాయి, డయాఫ్రం ఒకవైపుకు ఒరిగే ఉంటుంది, బ్యాటరీ కూడా వృథాగా ఖర్చవుతుంది. ముందు డీసీని తగ్గించి, ఆ తరువాత కావాలంటే అది పెట్టుకోవచ్చు. అవుట్‌పుట్‌లో వరుసగా 470 మైక్రోఫారడ్ కెపాసిటరు పెట్టే పద్ధతి డీసీని పూర్తిగా ఆపుతుంది గానీ, స్విచ్ వేసినప్పుడల్లా చప్పుడు తప్పదు.

ప్రశ్న అడిగినవారు:

మీరు చెప్పినట్లే మార్చాను. 33 ఓమ్‌ల రెసిస్టర్ల మీద ఎడమవైపు మైనస్ 11, కుడివైపు మైనస్ 13 మిల్లీవోల్టులు వచ్చాయి. గ్రౌండు ఇంకా కొంత నెగెటివ్ వైపు జరుగుతోంది గానీ మునుపటంత కాదు. పాత హెడ్‌ఫోన్‌లో పాట శుభ్రంగా ఉంది, వెనుక వినిపించే సన్నని హిస్ కూడా బాగా తగ్గింది. అయితే వాల్యూమ్ బాగా తగ్గించినప్పుడు ఎడమవైపు ఎక్కువగా వినిపిస్తోంది. ఇదీ ఐసీ వల్లేనా?

మొదటి సమాధానమిచ్చినవారు:

కాదు, అది వాల్యూమ్ పొటెన్షియోమీటరు స్వభావం. జంట పొటెన్షియోమీటరులో రెండు ట్రాకులు అడుగు భాగంలో సరిగ్గా సరిపోలవు, పైకి తిప్పేకొద్దీ దగ్గరవుతాయి. గెయిన్ తగ్గింది కనుక అదే శబ్దానికి ఇప్పుడు మీటను మునుపటికంటే ఎక్కువ తిప్పవలసి వస్తుంది, తేడా కూడా ఆ మేరకు తగ్గాలి. అప్పటికీ వినిపిస్తే ఫోన్‌లోనో కంప్యూటరులోనో శబ్దం కొంత తగ్గించి, మీటను సగం దాకా తిప్పి వినండి.

మంచి హెడ్‌ఫోన్ తగిలించే ముందు ఇంకొక్కటి చూడండి. ఐసీ 4వ, 8వ పిన్నుల మధ్య 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటరును వీలైనంత పొట్టి కాళ్లతో టంకం వేశారా? లేకపోతే వేయండి. తరువాత పాట లేకుండా కొన్ని నిమిషాలు ఆన్‌లో ఉంచి ఐసీ మీద వేలు పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే, వేలు ఆనలేనంత వేడిగా ఉంటే చెవికి వినపడని ఆసిలేషన్ (పాట లేకున్నా ఐసీ తనంతట తానే సంకేతం పుట్టించడం) జరుగుతోందని అనుమానించాలి.