పదడుగుల పగడపు అక్వేరియం: ఇంటి పునాదులు తీయకముందే తేల్చుకోవలసినవి

ప్రశ్న: శ్రీకాంత్, కొంపల్లి

అందరికీ నమస్కారం. కొంపల్లిలో మేము రెండంతస్తుల ఇల్లు కట్టుకోబోతున్నాము. వచ్చే నెలలో పునాదుల పని మొదలవుతుంది. ఆ ఇంట్లో ఒక పెద్ద సముద్రపు అక్వేరియం ఉండాలన్నది నా చిరకాలపు కోరిక. ప్రస్తుతం అద్దె ఇంట్లో మూడడుగుల ఉప్పునీటి ట్యాంకు నడుపుతున్నాను. అందులో ఒక క్లౌన్ ఫిష్ జంట, కొన్ని మెత్తటి పగడాలు ఆరోగ్యంగా ఉన్నాయి.

కొత్త ట్యాంకు పొడవు పదడుగులు, ముందు నుంచి వెనక్కి వెడల్పు నాలుగడుగులు, ఎత్తు రెండున్నర అడుగులు ఉండాలని అనుకుంటున్నాను. మొదటి అంతస్తులో ఇంటిల్లిపాదీ కూర్చునే హాలులో, గోడ వారగా పెడితే అందరూ రోజూ చూసుకోవచ్చునని మా ఇంట్లోవాళ్ల అభిప్రాయం. శ్లాబు అంత బరువు మోస్తుందా? గాజు మేలా, అక్రిలిక్ మేలా? అక్రోపోరా వంటి కొమ్మల పగడాలు పెంచాలంటే ఎన్ని లైట్లు, నీటిని చల్లబరిచే చిల్లర్ ఎంతది కావాలి? వేసవిలో గంటల తరబడి కరెంటు పోతే ఏం చేయాలి? గోడలు లేచాక మార్చుకోలేనివి ఏవో ముందుగా చెబితే, వాటిని ప్లానులోనే పెట్టించుకుంటాను.

జవాబు: రమణమూర్తి, విజయవాడ

శ్రీకాంత్ గారూ, నేను ఇళ్ల స్ట్రక్చరల్ డిజైన్లు చేస్తుంటాను. కాబట్టి బరువు సంగతి వరకు రాస్తాను. మీరు చెప్పిన కొలతలకు ట్యాంకు ఘనపరిమాణం వంద ఘనపుటడుగులు, అంటే సుమారు 2,830 లీటర్లు. సముద్రపు నీరు మంచినీటి కంటే కొంచెం బరువు కనుక నీళ్లే 2.9 టన్నులు తూగుతాయి. 19 మిల్లీమీటర్ల గాజు వాడితే గాజు ఒక్కటే అర టన్ను వరకు వస్తుంది. రాళ్లు, ఇసుక, ఉక్కు స్టాండు, కింద పెట్టే సంపు (ట్యాంకు నీరు దిగి, శుభ్రపడి మళ్లీ పైకి వెళ్లే తొట్టి) కలుపుకుంటే మొత్తం నాలుగు టన్నులు దాటుతుంది. ఇదంతా 3.7 చదరపు మీటర్ల జాగాలో నిలుస్తుంది. నివాస గృహాల శ్లాబుకు భవనాల భారాలకు మన దేశపు ప్రమాణమైన ఐఎస్ 875 రెండో భాగం ప్రకారం మనం లెక్కలోకి తీసుకునే చర భారం (మనుషులు, సామాను వంటి మారే బరువు) చదరపు మీటరుకు రెండు కిలోన్యూటన్లు, అంటే దాదాపు 200 కిలోలు. మీ ట్యాంకు కింద అది వెయ్యి కిలోలు దాటుతుంది. పైగా ఈ బరువు ఫంక్షను రోజున వచ్చి పోయే జనం బరువు లాంటిది కాదు. ఏళ్ల తరబడి పగలూ రాత్రీ అక్కడే ఉంటుంది కనుక కాంక్రీటు బీము కాలక్రమేణా కొద్దికొద్దిగా వంగుతుంది, ఆ వంపు తిన్నగా గాజు అతుకుల మీదికి వస్తుంది.

మొదటి అంతస్తులో అసాధ్యమని అనను. ట్యాంకు కిందనే బీములు వేసి, వాటిని పిల్లర్ల మీదికి నేరుగా దించితే కుదురుతుంది. కానీ ఇల్లు ఇంకా కాగితం మీదే ఉంది కనుక నా సలహా ఒక్కటే: గ్రౌండ్ ఫ్లోరులో పెట్టండి. అక్కడ కూడా మామూలు ఫ్లోరింగ్ మీద వద్దు. బేస్‌మెంట్ నింపిన మట్టి ఎంత కుదించినా తరువాతి వానాకాలాల్లో కొంత దిగుతుంది, అది ఒక మూల ఎక్కువగా, ఒక మూల తక్కువగా దిగితే ట్యాంకు మెలిపడుతుంది. అందుచేత ట్యాంకు కొలతకు ప్రతి వైపునా ఒక అడుగు ఎక్కువగా, గట్టి నేల దాకా తవ్వి, విడిగా ఒక రాఫ్ట్, అంటే ఒకే పలకగా ఉండే కాంక్రీటు పునాది, పోయించండి. మిగతా ఫ్లోరింగుకు, దానికి మధ్య సన్నని సందు ఉంచి, ఆ సందును నీరు దిగని సీలెంట్‌తో మూయించండి. మీ సైటు ఇంజనీరుకు ఈ బరువులు రాసి ఇవ్వండి, నోటిమాటగా చెప్పవద్దు.

జవాబు: వేణుగోపాల్, డాలస్

రమణమూర్తి గారి సలహాతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. దానికి ఒకటి చేరుస్తాను. ఇంత పెద్ద ట్యాంకు బతకడమూ బతకకపోవడమూ చాలావరకు దాని వెనుక ఉండే గదిని బట్టి ఉంటుంది. ట్యాంకును గోడలో అమర్చి, ముందు అద్దం హాలులోకి కనిపించేలా పెట్టి, వెనుక కనీసం ఎనిమిదడుగుల వెడల్పున ఒక పనిగది కట్టించండి. సంపు, నురుగుతో పాటు మలినాలను తీసేసే స్కిమ్మర్, ఆర్‌వో యంత్రం, ఉప్పు కలిపే డ్రమ్ములు, కొత్త చేపలను విడిగా ఉంచే ట్యాంకు అన్నీ అందులోనే ఉండాలి. స్టాండు కింద అల్మారాలో వంగి దూరి చేయవలసిన పనిని ఎంత ప్రేమ ఉన్నవాళ్లైనా వాయిదా వేస్తారు. నిలబడి, మంచి వెలుతురులో చేసుకునే పని రోజూ సాగుతుంది.

ఆ గదిలో నేల వాలుగా ఉండి, గచ్చులోనే ఒక డ్రెయిన్ ఉండాలి. ఆ డ్రెయిన్ ఎక్కడికి పోతుందో మీరే నిలబడి చూసుకోండి. వాననీటి పైపుతో కలిసి ఇంకుడు గుంతలోకి పోతే, నీళ్లు మార్చిన ప్రతిసారీ ఉప్పునీరు మీ బోరుకూ, చెట్ల వేళ్లకూ చేరుతుంది. దాన్ని మురుగు లైనుకే కలపాలి. సంపుతో కలిపి మొత్తం నీరు 3,300 లీటర్లు అనుకుంటే, మొదటిసారి నింపడానికి సుమారు 120 కిలోల సముద్రపు ఉప్పు మిశ్రమం పడుతుంది. ఆ నీరు టీడీఎస్ (కరిగిన లవణాల మొత్తం) సున్నాకు దిగేలా ఆర్‌వో, మిగిలిన లవణాలను కూడా తీసేసే డీఅయొనైజేషన్ రెండూ దాటి రావాలి. ఒక లీటరు శుద్ధ జలానికి మూడు లీటర్ల వృథా నీరు పోతుందని లెక్క వేసుకున్నా పదమూడు వేల లీటర్లు కావాలి, అంటే అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు రెండున్నర. వృథా నీటిని టాయిలెట్ల ట్యాంకులోకి మళ్లించే పైపును ఇప్పుడే వేయించండి.

ట్యాంకు నుంచి సంపులోకి నీరు దిగే ఓవర్‌ఫ్లోకు మూడు పైపులు పెట్టించండి. మొదటిది గేట్ వాల్వుతో సవరించుకునే సైఫన్, నీటిలో చాలా భాగం చప్పుడు లేకుండా దీని గుండానే దిగుతుంది. రెండో దానిలో సన్నని ధార మాత్రమే జారుతుంటుంది. మూడోది పొడిగా ఉండాలి. ఎప్పుడైనా ఒక నత్త మొదటి పైపులోకి దూరితే నీటి మట్టం పెరిగి రెండో పైపు గుడగుడమంటుంది, ఆ చప్పుడే మీకు హెచ్చరిక. కరెంటు పోయినప్పుడు వెనక్కి దిగే నీటి లెక్క కూడా చూడండి. మీ ట్యాంకులో మట్టం ఒక సెంటీమీటరు తగ్గితే 37 లీటర్లు సంపులోకి వస్తాయి. మూడు సెంటీమీటర్లకు, పైపుల్లోని నీటికి కలిపి కనీసం 150 లీటర్ల ఖాళీ సంపులో ఎప్పుడూ ఉండాలి.

వేడి విషయం. ఈ వైశాల్యానికి రోజుకు సుమారు 25 లీటర్ల నీరు ఆవిరవుతుంది. ఆ ఆవిరి తనతో దాదాపు 17 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడిని తీసుకుపోతుంది కనుక, హైదరాబాదు పొడి ఏప్రిల్‌లో నీటి మీదికి తిప్పిన ఫ్యాన్లు చాలా మేలు చేస్తాయి. వానాకాలపు తేమలో ఆ మేలు బాగా తగ్గుతుంది. అందువల్ల నీరు 25, 26 డిగ్రీల దగ్గర నిలవాలంటే చిల్లర్ తప్పదు. దాన్ని పనిగదిలో పెట్టకండి. అది నీటి నుంచి లాగిన వేడిని అదే గదిలోకి వదిలి, మళ్లీ దానినే చల్లార్చడానికి పాటుపడుతుంది. బయట నీడలో పెట్టి పైపులు లోపలికి తీసుకోండి. ఆవిరైన నీరు ఇంట్లోనే ఉండిపోతే జిప్సం సీలింగుకు బూజు పడుతుంది. పనిగదికి ప్రత్యేకంగా ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉండాలి.

విద్యుత్తుకు విడి సర్క్యూట్లు, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే ఆర్‌సీసీబీ, మంచి ఎర్తింగ్ ఉండాలి. సాకెట్లు ట్యాంకు మట్టం కంటే పైన ఉండాలి. ప్రతి తీగా సాకెట్ కంటే కిందికి ఒకసారి వేలాడి ఆ తరువాత పైకి ఎక్కాలి, అప్పుడు తీగ వెంట జారిన ఉప్పునీటి చుక్క ఆ వంపులోనే రాలిపోతుంది. కరెంటు పోయినప్పుడు ముందుగా తరిగిపోయేది ప్రాణవాయువు. రాళ్లలోని బాక్టీరియా, చేపలు, పగడాలు కలిసి దాన్ని గంటల్లోనే వాడేస్తాయి. నీటిని కదిలించే రెండు డీసీ వేవ్‌మేకర్ పంపులను బ్యాటరీకి కలిపి నీటి పైపొరను కదిలేలా ఉంచితే రాత్రంతా గడుస్తుంది. 2021 ఫిబ్రవరి మంచు తుఫానుకు మా టెక్సాస్‌లో రోజుల తరబడి కరెంటు పోయింది. అలాంటప్పుడు బ్యాటరీ చాలదు. మీ ఇంటికి ఎలాగూ జనరేటర్ పెడతారు కనుక, చిల్లర్‌ను కూడా దాని లోడులో కలిపి లెక్కించమనండి.

గాజా, అక్రిలికా అన్నదానికి నా ఓటు గాజుకే. అక్రిలిక్ తేలిక, స్పష్టత కూడా ఎక్కువ, కానీ నాచు గీకేటప్పుడు ఒక్క ఇసుక రేణువు అడ్డుపడినా గీత పడుతుంది. నీటి ఒత్తిడి ఎత్తును బట్టి పెరుగుతుంది కనుక మీరు రెండున్నర అడుగుల దగ్గర ఆగడం మంచి నిర్ణయం. అంతకు మించితే చెయ్యి కూడా అడుక్కి అందదు. వెడల్పు నాలుగడుగులు కనుక ఎదుటి అద్దం మూలలు శుభ్రం చేయడానికి పైన ఒక నడక పలక ఉండేలా చూడండి.

జవాబు: సుజాత, విశాఖపట్నం

శ్రీకాంత్ గారూ, లైట్ల సంఖ్య తేల్చే ముందు, అసలు ఏ పగడాలు మీరు చట్టబద్ధంగా పెంచగలరో చూడాలి. మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 మొదటి షెడ్యూలులో, 2001 నుంచి, దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నీ ఉన్నాయి. నల్ల పగడాలను, నిప్పు పగడాలను, సముద్రపు విసనకర్రలను, సముద్రపు గుర్రాలను కూడా అప్పుడే అందులో చేర్చారు. మీరు పేర్కొన్న అక్రోపోరా ఆ గట్టి పగడాలలోదే. మన్నార్ సింధుశాఖ నుంచో, అండమాన్ నుంచో వచ్చినవని చెప్పి ఎవరైనా ఇస్తే తీసుకోవద్దు. దుకాణాల్లో అలంకరణ రాయిగా అమ్మే ఎండిన పగడపు ముక్కలకూ ఇదే వర్తిస్తుంది. దానికి బదులు సిరామిక్‌తో గానీ సిమెంటు మిశ్రమంతో గానీ చేసిన కృత్రిమ శిలలు వాడండి. సిమెంటు శిలలను వారాల తరబడి నీళ్లు మారుస్తూ నానబెట్టి, పీహెచ్ దిగాకే ట్యాంకులోకి దించాలి.

దీనివల్ల మీ కోరిక చిన్నబోతుందని నేను అనుకోను. తోలు పగడాలు, గట్టి అస్థిపంజరం లేని మెత్తటి పుట్టగొడుగు పగడాలు, గుత్తులుగా పెరిగే జొయాంథిడ్‌లు ఆ జాబితాలో లేవు. సరైన దిగుమతి, క్వారంటీన్ పత్రాలు చూపించగల చోట మాత్రమే కొని, ఆ రసీదులను భద్రపరచుకోండి. పదడుగుల పొడవున తోలు పగడాల తోట ఒకే ప్రవాహంలో ఊగుతుంటే ఆ చెలువం కొమ్మల పగడాల్లో దొరకదు. ఈ నిర్ణయంతో పరికరాల లెక్క కూడా మారుతుంది. అక్రోపోరాకు 250, 300 పార్ (కిరణజన్య సంయోగక్రియకు పనికొచ్చే వెలుగు కొలత) వెలుగు కావలసిన చోట వీటికి 80 నుంచి 150 చాలు. అక్రోపోరాకు పది ఎల్‌ఈడీ ఫిక్స్చర్లు పెట్టవలసిన జాగాలో ఆరింటితో గడుస్తుంది. వేడి తగ్గుతుంది కనుక చిన్న చిల్లర్ సరిపోతుంది. గట్టి పగడాలు వాడుకునే క్యాల్షియాన్ని నీటికి అందించే క్యాల్షియం రియాక్టర్ అవసరం ఉండదు. పైన ఆవిరైన నీటిని భర్తీ చేసేటప్పుడు శుద్ధమైన క్యాల్షియం హైడ్రాక్సైడ్‌తో చేసిన సున్నపు తేట కొద్దిగా కలిపితే క్షారత ఎనిమిది, తొమ్మిది డీకేహెచ్ (క్షారతను కొలిచే డిగ్రీలు) దగ్గర నిలబడుతుంది. వెల్లవేసే సున్నం మాత్రం వాడకూడదు. తోలు పగడాలు తమ పొరుగు పగడాలను అణచే రసాయనాలు నీటిలోకి వదులుతాయి, అందుకని యాక్టివేటెడ్ కార్బన్‌ను ఎప్పుడూ నడుపుతూ ఉండండి.

చేపల విషయంలో కూడా పెంపకంలో పుట్టినవే ఎంచుకోండి. క్లౌన్ ఫిష్‌ల ఉత్పత్తి విధానాన్ని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ ఎప్పుడో స్థిరపరచింది. పసుపురంగు యెల్లో ట్యాంగ్‌ను హవాయిలో 2015లో తొలిసారి పెంపకంలో పొదిగించి పెద్ద చేశారు. ఏ చేపనైనా క్వారంటీన్ చేయకుండా వదలకండి. తెల్లమచ్చల జబ్బు ఒకసారి లోపలికి వస్తే, ఇంత ట్యాంకులో రాళ్ల మధ్య నుంచి ఒక్కొక్క చేపనూ పట్టడం దాదాపు జరగని పని. రాగి మందు వేస్తే పగడాలూ రొయ్యలూ చనిపోతాయి. చేపలన్నిటినీ బయటికి తీసి ట్యాంకును రెండున్నర నెలలు చేపలు లేకుండా ఉంచడమే అప్పుడు మిగిలే దారి.

శ్రీకాంత్, కొంపల్లి

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ట్యాంకును గ్రౌండ్ ఫ్లోరుకు మార్చి, మెట్ల కింద నుంచి పనిగదికి దారి ఇమ్మని ఆర్కిటెక్టుకు ఈ రోజే రాశాను. మెత్తటి పగడాలతోనే వెళ్దామని నిర్ణయించుకున్నాను. ఒక సందేహం మిగిలింది. ఇంత ఉప్పు కొనే బదులు విశాఖ నుంచి ట్యాంకరులో సముద్రపు నీరు తెప్పించుకోవచ్చునా?

సుజాత, విశాఖపట్నం

తెప్పించవద్దనే చెబుతాను. మన తీరంలో పగడపు దిబ్బలు లేకపోవడానికి గోదావరి, కృష్ణ తెచ్చే ఒండ్రూ మంచినీరూ పెద్ద కారణం. వర్షాల తరువాత తీరం దగ్గరి నీటిలో లవణీయత పగడాలు కోరే 35 (కిలో నీటికి 35 గ్రాముల ఉప్పు) కంటే బాగా కిందికి పడిపోతుంది. ఒడ్డున తోడిన నీటిలో నగరపు మురుగు, హార్బరు నూనె జాడలు ఎంతో కొంత ఉంటాయి. ట్యాంకరు అంతకుముందు ఏం మోసిందో కూడా చూసుకోవాలి. ఇవన్నీ వడపోసి, పరీక్షించి, ఉప్పు సరిచేసేసరికి ఖర్చు మిగలదు. ఉప్పు బస్తాలు కొని, వాటిని తేమ తగలకుండా పనిగదిలో ఎత్తైన అరమీద పెట్టుకోండి. మొదటి నీరు కలిపిన రోజున లవణీయతను రెండు వేర్వేరు పరికరాలతో కొలిచి సరిచూసుకోండి.