అప్‌డేట్: మా తమ్ముణ్ణి డాక్టర్‌కి చూపించాం

రెండు నెలల కింద అడిగాను కదా: ఆటిజం ఉన్న మా తమ్ముడు, 22 ఏళ్లు, ఒక పెళ్లిలో బంధువులు "పిచ్చోడు" అని నవ్వినప్పటి నుంచి గది దాటడం లేదు, ఏం చేయాలని. కొందరు 14416కి, అదే టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయమన్నారు. చేశాను. తెలుగులోనే మాట్లాడారు.

ఆ ధైర్యంతో కావలి నుంచి నెల్లూరు తీసుకెళ్లాం. అమ్మ మాత్రం పక్కింటివాళ్లకు "పంటి నొప్పి" అని చెప్పి బయల్దేరింది! వాడికి ఆటిజంతో పాటు డిప్రెషన్ కూడా ఉందని, డాక్టర్ రెండూ విడివిడిగా చెప్పారు. ఆటిజం పుట్టుకతో వచ్చిన తీరు, దాన్ని పోగొట్టే మందు లేదు. డిప్రెషన్ వేరు, దానికి చికిత్స ఉంది. చేతులు ఊపుకోవడం బలవంతంగా ఆపుకుని, అందరిలా కనిపించాలని గంటలకొద్దీ నటించడం కూడా వాణ్ణి పిండేసిందట. ఆ నటన నేర్పింది మేమే. "చేతులు దించరా, ఎవరైనా చూస్తారు" అని నేనే ఎన్నిసార్లు అన్నానో.

మందులు మొదలై ఆరు వారాలు. నిద్ర కుదిరింది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం కూడా ఉందని తెలిసి యూడీఐడీ కార్డుకి, అంటే వికలాంగులకిచ్చే గుర్తింపు కార్డుకి, అప్లై చేశాం. నాన్న ఒప్పుకోవడానికే పది రోజులు పట్టింది. పెద్దత్త సంగతి వదిలేయండి.

నిన్న వాడే అడిగాడు, "అక్కా, జనం లేనప్పుడు తుమ్మలపెంట బీచ్‌కి పోదామా?" అని. ఆదివారం తెల్లవారుజామునే వెళ్తున్నాం.