వైస్ముల్లర్ తొలి టార్జాన్ చిత్రాన్ని నేటి పిల్లలకు చూపవచ్చునా?

కావలి పాఠకుడు:
మా పేట గ్రంథాలయంలో ఈ వేసవికి పిల్లల కోసం ఒక పాత చిత్రం వేయాలని అనుకుంటున్నాము. జానీ వైస్ముల్లర్ మొదటిసారి టార్జాన్‌గా కనిపించిన 1932 నాటి 'టార్జాన్ ది ఏప్ మ్యాన్' పేరు నేను సూచించాను. ఏనుగుల శ్మశానం దొరికితే దంతాలు రాశులుగా దొరుకుతాయని ఆఫ్రికా అడవిలోకి బయలుదేరిన తెల్లవారికి, అక్కడే పెరిగిన మనిషి ఎదురుపడడం కథ. వైస్ముల్లర్ 1948 వరకు పన్నెండు చిత్రాలలో ఆ పాత్ర వేశాడు. తరువాత వచ్చినవారిలో ఆయనకు సాటి వచ్చినవారు లేరని నా దృఢాభిప్రాయం. సభ్యులు ఏమంటారు?

నల్లమల అంచు:
ఆ చిత్రంలోని ఏనుగులు ఆఫ్రికావి కావు. మన ఏనుగులకు పెద్ద చెవులు తగిలించి ఆఫ్రికా ఏనుగులని నమ్మించారు. ఆఫ్రికా ఏనుగు వెన్ను నడుమ పల్లంగా ఉంటుంది, మన ఏనుగు వెన్ను ఉబ్బెత్తుగా ఉంటుంది. చెవులు అతికిస్తే వెన్ను మారదు కదా. ఇలాంటి బొంకు చూపి పిల్లలకు అడవి గురించి ఏమి నేర్పుతారు?

ఒంగోలు ప్రేక్షకుడు:
మా ఒంగోలులో ఇంటర్మీడియట్ చదివిన చిరంజీవి గారు 1985లో టార్జాన్ తరహా కథతో 'అడవి దొంగ' చేశారు. పిల్లలకు తెలుగు చిత్రమే వేయండి.

కావలి పాఠకుడు:
నల్లమల అంచు గారూ, మీరు ఏనుగులను చూశారు, మనిషిని చూడలేదు. వైస్ముల్లర్ 1922లో వంద మీటర్లను నిమిషంలోపు ఈది, ఆ పని చేసిన మొదటి మనిషి అయ్యాడు. 1924 పారిస్, 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో కలిపి ఈతలో ఐదు స్వర్ణాలు గెలిచాడు. తలను, రొమ్మును నీటిపైకి ఎత్తి ఈదే ఆ తీరు తెరమీద కూడా కనిపిస్తుంది. ఎడ్గార్ రైస్ బరోస్ నవలలోని టార్జాన్ ఒక ఇంగ్లీషు ప్రభువు కొడుకు, పుస్తకాలు చూసి తనంతట తాను చదవడం నేర్చుకున్నవాడు, చక్కగా మాట్లాడగలవాడు. చిత్రంలో ఆ మాటలన్నీ తీసేశారు గనుక అనుమానం, కోపం, ఆ తెల్లవారితో వచ్చిన యువతి జేన్ పట్ల కుతూహలం అన్నీ ఆయన మెడ తిప్పడంలో, అడుగు వేయడంలో, ఆగి చూడడంలో చూపించవలసి వచ్చింది. దీనిని నటన అనకపోతే మరి దేనిని అనాలి?

నల్లమల అంచు:
చెవుల సంగతికి జవాబు రాలేదు. మా నాన్నగారు దోర్నాల వైపు అడవిలో వాచరుగా పనిచేశారు. పట్నం నుండి వచ్చినవారు ఆయనను పులితో కలబడ్డారా అని అడిగేవారే తప్ప, ఎండాకాలం నిప్పు ఎలా ఆర్పుతారని ఒక్కరూ అడగలేదు. ఆ పిచ్చి ప్రశ్నలు ఇటువంటి చిత్రాలనుండే వచ్చాయి. ఈత పతకాలతో నటుడు కాలేడు.

సూళ్లూరుపేట:
ఇంతసేపూ ఏనుగుల గురించి, ఈత గురించి రాశారు గాని, ఆ అడవిలో ఉన్న మనుషుల గురించి ఒక్కరూ రాయలేదు. మూటలు మోసే నల్లకూలీ కొండ అంచు నుండి జారి పడిపోతే యాత్ర ఆగదు. చివర కనిపించే మరుగుజ్జుల తెగవారి వేషాలు పొట్టి తెల్లవారికి ఒళ్లంతా నల్లరంగు పూసి వేయించారు. వారి పల్లెను ఏనుగులు తొక్కేస్తుంటే మనం చప్పట్లు కొట్టాలి. నేను యానాదుల బిడ్డను. బడిలో నాటకం వేసినప్పుడు నాకు మసి పూసి, మాటలు ఇవ్వకుండా అరవమన్నారు. ఆ ఏడాదంతా నన్ను టార్జాన్ అనే పిలిచారు. తెల్లవాడు అడవిలో పెరిగితే రాజు, మేము అడవిలో పెరిగితే మృగాలమా?

కావలి పాఠకుడు:
ప్రతి పాత చిత్రాన్నీ నేటి త్రాసులో తూచి పారవేస్తే మనకు ఒక్కటీ మిగలదు. ఇందులోకి కులాన్ని ఎందుకు తెస్తున్నారు?

సూళ్లూరుపేట:
నేను తేలేదు. చిత్రంలో ఉన్నదే చెప్పాను. పల్లె తొక్కించుకున్నవారు మీవారు కాదు గనుక మీకు అది కథగా కనిపిస్తోంది.

ఒంగోలు ప్రేక్షకుడు:
ఇద్దరూ దయచేసి శాంతించండి.

కావలి పాఠకుడు:
శాంతంగానే చెబుతాను. చిన్నప్పుడు నాకు నత్తి. పాఠం అప్పజెప్పమంటే తరగతి అంతా నవ్వేది, అయ్యవారూ నవ్వేవారు. అప్పట్లో టూరింగ్ టాకీసులో వైస్ముల్లర్‌ను చూశాను. రెండు ముక్కలు కూడబలుక్కొని మాట్లాడే మనిషిని తెరమీద ఎవరూ ఎగతాళి చేయలేదు, అందరూ ఆయన వైపే చూశారు. మాట రానివాడు కూడా తలెత్తుకొని నిలబడవచ్చునని నాకు చూపింది ఆయనే. అటువంటి పిల్లలు మా పేటలో నేడూ ఉన్నారు. ఈ చిత్రం వారికోసం.

సూళ్లూరుపేట:
మీ బాధ నిజమని నమ్ముతున్నాను. అయితే మీకు మాట రాలేదు, మాకు మాట ఇవ్వలేదు. ఆ చిత్రంలో మాట్లాడకపోయినా టార్జాన్ మనసులో ఏముందో ప్రేక్షకుడికి తెలిసేలా ఆయన ముఖానికి కెమెరా దగ్గరగా వెళుతుంది. ఆ కూలీ ముఖానికి వెళ్లదు. అతడు పడిపోతాడు, అంతే. మీ గ్రంథాలయానికి వచ్చే పిల్లలలో మా కాలనీ పిల్లలు కూడా ఉంటారు కదా, వారు ఆ తెరమీద ఎవరిలో తమను చూసుకోవాలి?

నల్లమల అంచు:
అడవి మనుషులను చూపడం చేతకానివారే ఏనుగుకు చెవులు తగిలించారు. నేను మొదటినుండి చెబుతున్నది ఇదే.

కావలి పాఠకుడు:
చిత్రాన్ని కోయను, పూర్తిగానే వేస్తాను. అయిపోయాక సూళ్లూరుపేట గారు వచ్చి పిల్లలతో మాట్లాడాలని కోరుతున్నాను.

సూళ్లూరుపేట:
వస్తాను, కాని అయిపోయాక కాదు. పల్లెను తొక్కే దృశ్యానికి చప్పట్లు కొట్టిన తరువాత నేను లేచి నిలబడితే, నేను వారి సంతోషాన్ని చెడగొట్టినవాడిని అవుతాను. ముందుగా మాట్లాడనిస్తేనే వస్తాను.

కావలి పాఠకుడు:
ముందే చెబితే పిల్లలు వైస్ముల్లర్‌ను స్వచ్ఛంగా చూడలేరు. దీనికి నేను ఒప్పుకోలేను.

సూళ్లూరుపేట:
అయితే నేను రాను.